జేబులో ఫోను, గుండె మీద తీగ

దూరదర్శన్ ఒక్కటే దిక్కయిన రోజుల్లో ఆదివారం సాయంత్రం సినిమా మంచి పట్టులో ఉండగా పక్కింట్లో ఎవరో మిక్సీ వేసేవారు. అంతే, తెర మీద తెల్ల చుక్కలు బారులు తీరేవి, హీరోయిన్ ఏడుపు గరగరలో కలిసిపోయేది. "ఎవరమ్మా ఆ పచ్చడి? కాసేపాగి చేసుకోండి!" అని ఇంటి పెద్దాయన గోడ మీంచి కేకేసేవాడు. మిక్సీ ఆగేది, బొమ్మ తేటపడేది. ఇంజనీర్లు 'విద్యుదయస్కాంత అంతరాయ నివారణ' అని పేరు పెట్టుకున్న పనంతా ఆ కేకలోనే ఉంది. చెడగొడుతున్నదేదో కనిపెట్టు, దాన్ని ఆపు, ఆపలేకపోతే ఎడంగా పెట్టు.

ఇప్పుడు టీవీలకు ఆ చుక్కల బెడద పోయింది. కానీ అదే ఇంట్లో, అదే మిక్సీకి పదడుగుల దూరంలో ఎవరో ఒకరు గుండె మీద తీగలు అంటించుకునో, వేలికి క్లిప్పు పెట్టుకునో, జబ్బకు షుగరు సెన్సారు అతికించుకునో కూర్చుంటున్నారు. ఆసుపత్రి కొంచెం కొంచెంగా మన పడగ్గదిలోకి వచ్చేసింది. ఆసుపత్రిలో అయితే ఎవరో ఒకరు చూసుకుంటారు. ఇంట్లో ఆ గోడ మీంచి కేకేయాల్సింది మనమే.

మా బాబాయి సంగతి చెబుతాను. కూచిపూడిలో ఉంటాడు. డెబ్బై దాటాయి. రాత్రిళ్లు గుండె దడగా ఉంటోందంటే పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. హోల్టర్ పెట్టారు. అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె, దాని నుంచి ఐదు తీగలు, ఛాతీ మీద ఐదు బిళ్లలు. 24 గంటలు గుండె కొట్టుకున్న తీరంతా అది రాసుకుంటుంది. పెట్టిన అబ్బాయి చెప్పింది ఒక్కటే మాట, స్నానం చేయొద్దని. మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాం. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. దాదాపు ఐదు గంటల రికార్డు పనికిరాలేదట, మళ్లీ పెట్టించుకోవాలట, మళ్లీ డబ్బు కట్టాలట.

"నా గుండె బాగానే కొట్టుకుందిరా, వాళ్ల డబ్బా సరిగా వినలేదు" అన్నాడు బాబాయి.

ఆ మాటలో నిజముందనిపించి ఆ రిపోర్టు, ఆయన రాసుకున్న డైరీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. హోల్టర్‌తో పాటు ఒక కాగితం ఇస్తారు, ఏ టైముకు ఏం చేశామో రాయమని. చాలామంది దాన్ని రాయరు. బాబాయి పంచాంగం రాసినంత శ్రద్ధగా రాశాడు. '10.20 పెద్దాడు హైదరాబాదు నుంచి ఫోను. 20 ని. మాట్లాడితిని.' '2.00 పడక. ఉక్క.' '6.10 కరెంటు పోయె.' రిపోర్టులో గీతలు పిచ్చిగీతలైన వేళలు చూస్తే ఈ మూడింటి చుట్టూనే ఉన్నాయి.

ఇక్కడ గుండె ఎంత మెల్లగా మాట్లాడుతుందో తెలియాలి. ఛాతీ చర్మం మీద దొరికే దాని సంకేతం సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టు, అందులో పదిహేను వందల వంతన్న మాట. సంతలో గుసగుస వినాలంటే చెవి రిక్కించాలి కదా, యంత్రం కూడా అలాగే ఆ గుసగుసను వందల రెట్లు పెంచుకుని వింటుంది. పెంచేటప్పుడు గుసగుసతో పాటు సంత గోలా పెరుగుతుంది. పైగా ఆ ఐదు తీగలున్నాయే, అవి గుండె నుంచి కబురు తెచ్చేవే కాదు, యాంటెన్నాలు కూడా. గాల్లో ఏ తరంగం పోతున్నా పట్టుకుని లోపలికి తెస్తాయి.

ఇక ఫోను. బాబాయిది బటన్ల ఫోను. మనవడి చేతిలో ఉన్న పెద్ద స్మార్ట్‌ఫోనే ప్రమాదమని ఇంట్లో అందరి నమ్మకం. ఈ విషయంలో మాత్రం తాత ఫోనే గట్టిపిండం. పాత 2జీ ఫోను 900 మెగాహెర్ట్జ్ మీద గరిష్ఠంగా 2 వాట్ల దాకా వెళుతుంది. 4జీ ఫోను 0.2 వాట్లు దాటదు. 2జీ ఫోను ఏకధాటిగా కూడా పంపదు. సెకనుకు 217 సార్లు చొప్పున ఆగి ఆగి కొడుతుంది. పాత రేడియో పక్కన ఫోను పెడితే, అది మోగడానికి ఒక్క క్షణం ముందు 'టడ్-టడ్-టడ్-గర్ర్' మని చప్పుడొచ్చేది గుర్తుందా? ఆ దెబ్బల చప్పుడే అది. రేడియోలో చప్పుడైనది గుండె యంత్రంలో పిచ్చిగీత అవుతుంది. బాబాయి ఆ ఫోనును బనీను జేబులో, ఎడమవైపు, నాలుగో బిళ్లకు బెత్తెడు దూరంలో పెట్టుకుని తిరిగాడు.

సిగ్నలు తక్కువైతే ఫోను ఊరుకోదు. టవరుకు వినపడాలని ఇంకా గట్టిగా అరుస్తుంది. మండువా ఇంటి లోపలి గదిలో, మందపాటి గోడల మధ్య, ఒక్క గీత సిగ్నలుతో కొట్టుమిట్టాడే ఫోను వీధి అరుగు మీద ఉన్న అదే ఫోను కంటే ఎక్కువ అల్లరి చేస్తుంది. 'ఫోను లోపల పెట్టేశాం కదా' అని రోగి మంచం కిందే పెట్టేవాళ్లను చూశాను.

అలాగని ఐదు గంటల పాపమూ ఫోనుదే అనను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బిళ్ల సరిగా అంటించడం రాక రేడియో తరంగాలను తిట్టేవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో మూడు గంటలు చెమటవి. మే నెల మధ్యాహ్నం కృష్ణా డెల్టాలో ఛాతీ మీద ఏ జిగురు నిలుస్తుంది? బిళ్ల ఒక అంచున లేచిందంటే చాలు, ఆ తీగ గుండెను వదిలేసి ఇంట్లో కరెంటు గుయ్యిమనడం వినడం మొదలుపెడుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊపు గీత మీద సన్నటి నూగులా కనిపిస్తుంది. అందుకని మొట్టమొదట చూసుకోవాల్సింది బిళ్లలు. అంటించే ముందు చెమట, నూనె, పౌడరు లేకుండా తుడిచి ఆరనివ్వాలి. ఛాతీ మీద వెంట్రుకలుంటే గొరిగించుకోవాలి. తీగ బరువు బిళ్ల మీద పడకుండా చిన్న మెలిక వేసి దాని పైన టేపు అంటించాలి. తీగలు దేనికది వేలాడకుండా కలిపి మెలేస్తే అంతరాయం తగ్గుతుంది. విడివిడిగా పరిచిన తీగల మధ్య ఖాళీయే గాలంలా పనిచేసి గోలను పట్టుకుంటుంది, మెలేస్తే ఒక మెలికలో పడింది పక్క మెలికలో చెల్లిపోతుంది. "సత్యభామ జడలా అల్లమంటావా?" అని పిన్ని నవ్వింది. భామాకలాపం పుట్టిన ఊళ్లో ఆ పోలిక రాకుండా ఉంటుందా. అంత నేర్పు అక్కర్లేదు, రెండు మూడు మెలికలు చాలు.

ఆరింటి సంగతి ఇంకా మిగిలింది. కరెంటు పోగానే ఇన్వర్టరు అందుకుంది. దాన్ని పట్టుకోవడానికి నేను వాడిన పనిముట్టు ఖరీదైనదేమీ కాదు, అటక మీది పాత ట్రాన్సిస్టరు. మీ ఇంట్లోనూ ఉంటే దించండి. మీడియం వేవ్‌లో విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ముల్లును అక్కడి నుంచి పక్కకు, ఏ స్టేషనూ లేని చోటికి జరిపి, ధ్వని పెంచి, చేత్తో పట్టుకుని ఇల్లంతా నడవండి. గోల ఎక్కడుందో అదే చెబుతుంది. మా బాబాయి గదిలో మంచం పక్క చవక ఎల్‌ఈడీ బల్బు దగ్గరికి వెళితే 'స్స్స్' మంది. ఫ్యాను కొత్త రెగ్యులేటరు రెండో నంబరు మీద గురకపెట్టింది. ఛార్జింగుకు పెట్టిన దోమల బ్యాటు ఝుమ్మంది. మంచం తల వైపు గోడకు ట్రాన్సిస్టరు ఆనిస్తే చెవులు చిల్లులు పడ్డాయి. గోడ అవతల, మెట్ల కింద ఇన్వర్టరు! ఇన్నేళ్లుగా బాబాయి దాని పక్కనే తల పెట్టి పడుకుంటున్నాడు. మంచం ఎదురుగోడకు తిప్పాం, బల్బు మార్చాం, బ్యాటును వంటింట్లోకి పంపాం. అన్నీ కలిపి అరగంట పని.

ట్రాన్సిస్టరుకు వినపడే గోలే గుండె యంత్రానికీ ముట్టుతుందని కాదు, వినపడనిది ముట్టదనీ కాదు. అది పొగ లాంటిది. పొగ ఉన్నచోట వెతకడం మొదలుపెట్టొచ్చు.

మరి ఎంత ఎడం కావాలి? పుస్తకాల్లో మీటర్లు, సెంటీమీటర్లు ఉంటాయి. మన ఒంటి మీదే కొలతలున్నాయి, అవి గుర్తుంటాయి. వైద్య పరికరాలు ఇలాంటి గోలను ఎంతవరకు తట్టుకోవాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఈసీ 60601-1-2. దాని పాత కూర్పుల ప్రకారం మామూలు పరికరం మీటరుకు 3 వోల్టుల క్షేత్రాన్ని తట్టుకుంటే చాలు. ఆ లెక్కన 2 వాట్ల ఫోను 3.3 మీటర్ల దూరంలో ఉండాలి, అంటే రెండు బారలు. 2014 కూర్పులో ఇంట్లో వాడే వాటికి ఆ మెట్టు 10 వోల్టులకు పెంచారు. చేతిఫోన్లు, వాకీటాకీలు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా చెదరకూడదని విడిగా పరీక్షలూ పెట్టారు, కొన్ని పౌనఃపున్యాల దగ్గర మీటరుకు 28 వోల్టుల దాకా. అంటే కొత్త ప్రమాణానికి నిలిచిన పరికరానికి మూరెడు ఎడం చాలు. కొన్నప్పుడు వచ్చిన పుస్తకం చివరి పేజీల్లో, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో, ఈ 30 సెంటీమీటర్ల మాట ఉందేమో చూడండి. ఉంటే మూర. లేకపోయినా, పుస్తకమే లేకపోయినా, అద్దెకు తెచ్చిన పాత మానిటరయినా రెండు బారలు. ఛాతీలో పేస్‌మేకరు ఉన్నవాళ్ల లెక్క వేరు. దానికి ఫోను కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలంటారు. జానెడు అనుకుంటే నిశ్చింత. పేస్‌మేకరు ఎడమవైపు ఉంటే ఎడమ జేబు మానేసి కుడి చెవికి పెట్టుకుంటే సరిపోతుంది.

ఈ కొలతలు ఇంట్లో సరే. కూచిపూడి నుంచి పామర్రు మీదుగా బందరు రోడ్డెక్కి విజయవాడ పోయే అంబులెన్సులో రెండు బారల చోటెక్కడ? 1990ల మొదట్లో అమెరికాలో జరిగినది ఒకటి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. గుండెపోటు వచ్చిన ఒకామెను అంబులెన్సులో తీసుకెళుతూ గుండె తీరు చూపి, అవసరమైతే షాకిచ్చే మానిటరు-డీఫిబ్రిలేటరు తగిలించారు. డాక్టరు సలహా కోసం సిబ్బంది రేడియో నొక్కిన ప్రతిసారీ అది ఆగిపోయింది. ఆమె బతకలేదు. తర్వాత వెతికితే తేలిందేమిటంటే, ఆ బండికి ఇనుప పైకప్పు తీసేసి ఫైబర్ కప్పు వేశారు, ఎక్కువ దూరం అందాలని పైన యాంటెన్నా మార్చారు. ఇనుము ఉన్నన్నాళ్లూ గొడుగులా కాసింది. ఎవరూ తప్పు చేయాలని చేయలేదు. బండి బాగుచేసినవాడికి మానిటరు సంగతి తెలియదు, మానిటరు చేసినవాడికి బండి కప్పు సంగతి తెలియదు.

మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైన 108 బళ్లలో సిబ్బంది ఎక్కువగా ఫోన్ల మీదే మాట్లాడతారు. రోగితో పాటు ఎక్కే మనం చేయగలిగింది చిన్నదే. మానిటరు ఉన్న స్ట్రెచరు మీదికి వంగి 'ఎక్కడిదాకా వచ్చామంటే...' అని బంధువులకు వరసగా ఫోన్లు చేయకండి. ఉయ్యూరు దాటామని ఒక్కరికి చెప్పి, మిగతావాళ్లకు ఆ ఒక్కరినే చెప్పమనండి.

గోల రెండు రకాలు, ఇది చాలామందికి తట్టదు. ఒకటి యంత్రం తప్పుగా వినడం, ఇంతవరకు చెప్పుకున్నది. రెండోది యంత్రం సరిగానే విన్నా కబురు చేరకపోవడం. 1998 ఫిబ్రవరిలో డల్లాస్ నగరంలో ఒక టీవీ స్టేషను కొత్త డిజిటల్ ప్రసారాన్ని పరీక్షించింది. దగ్గర్లోని బేలర్ ఆసుపత్రిలో గుండె రోగుల ఒంటి మీది వైర్‌లెస్ మానిటర్ల కబుర్లు నర్సుల తెరల మీదికి రావడం మానేశాయి. ఆ మానిటర్లు ఖాళీ టీవీ చానెళ్ల జాగాలో నడిచేవి. ఆ ఖాళీలోకి టీవీ వచ్చి కూర్చుంది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. సంగతి తెలియగానే స్టేషను ప్రసారం ఆపేసింది. 2000లో అక్కడి ప్రభుత్వం వైద్య పరికరాలకంటూ వేరే జాగాలు కేటాయించింది.

మన జబ్బ మీది షుగరు సెన్సారుకు వచ్చేది ఈ రెండో జబ్బే. అది బ్లూటూత్‌లో, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఫోనుతో మాట్లాడుతుంది. వైఫై ఆ వీధిలోనే ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెను కూడా. మన ఒంట్లో నీళ్లు ఆ తరంగాన్ని తాగేస్తాయి. సెన్సారున్న జబ్బ కిందికి వేసి పడుకుని, ఫోను అవతలి గదిలో పెడితే అర్ధరాత్రి 'సిగ్నలు పోయింది' అని మోగుతుంది. కాబట్టి గుండె తీగలకు ఫోను దూరంగా ఉండాలి, షుగరు సెన్సారుకు దగ్గరగా ఉండాలి. రెండూ ఉన్న మనిషి హోల్టరు పెట్టిన ఆ ఒక్క రోజు ఏం చేయాలో డాక్టర్నే అడగాలి. చాలా చోట్ల ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

రేడియోతో సంబంధం లేని తప్పులూ బోలెడు. వేలి క్లిప్పు వెలుతురుతో పనిచేస్తుంది. గోళ్ల రంగు, నల్లగా పండిన గోరింటాకు, చల్లబడ్డ వేళ్లు దాన్ని తికమక పెడతాయి. గజ్జెలు కట్టి అడుగు వేసే పిల్లకు హోల్టరు పెడితే కండరాల కదలికే గీతల్ని కుదిపేస్తుంది, దానికి ఏ టవరునూ నిందించకూడదు. ప్రదర్శన రోజున అయితే నడుముకు ఒక పక్క కార్డ్‌లెస్ మైకు పెట్టె, రెండో పక్క హోల్టరు ఉండేలా చూడాలి. రెండూ ఒకే బెల్టుకు గుచ్చడం ఇరుకింట్లో ఇద్దరు తోటికోడళ్లను పెట్టడం లాంటిది.

దివిసీమ పక్కన బతికేవాళ్లం కనుక ఇంకొక మాట. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి విననివాళ్లు ఇక్కడ లేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి నిన్నగాక మొన్నటిది. అలాంటప్పుడు స్కూలు వరండాలోనో కల్యాణమండపంలోనో ఒక మూల వైద్య శిబిరం, దాని పక్కనే పోలీసు వైర్‌లెస్ సెట్టు, వాకీటాకీలతో వాలంటీర్లు, జనరేటరు. సెల్ టవర్లు పడిపోతే సొంత సరదాకు రేడియో సెట్లు నడిపే హామ్ రేడియో వాళ్లూ వస్తారు. అందరికీ కరెంటు ప్లగ్గు ఉన్న మూలే కావాలి, అక్కడే గుంపు కడతారు. చేతిలో పట్టే వాకీటాకీ 5 వాట్లు, పాత ప్రమాణం లెక్కన 2.7 మీటర్లు. 100 వాట్ల హామ్ సెట్టు యాంటెన్నాకు 12 మీటర్లు. శిబిరం పెట్టేవాళ్లలో మీరుంటే, రేడియో బల్లను మంచాల నుంచి ఏడెనిమిది బారల దూరంలో, కుదిరితే గోడ అవతల వేయించండి. మంచం దగ్గర నిలబడి మాట్లాడే కానిస్టేబులును 'బాబూ, కాస్త వరండాలోకి' అనండి. ఆయనేమీ అనుకోడు.

పరికరాల పరీక్షలకు ఇప్పుడు మనవాళ్లు దూరం పోనక్కర్లేదు. విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లోనే ఆ ప్రయోగశాల ఉంది. కొనేటప్పుడు 'ఏ ప్రమాణానికి పరీక్ష చేశారు, ఏ కూర్పు?' అని దుకాణంలో అడిగి చూడండి. జవాబు రాకపోయినా పెట్టె మీద వెతకడమైనా మొదలుపెడతారు.

ఇంతా చెప్పాక ఒక్కచోట గట్టిగా చెప్పక తప్పదు. అంకె వింతగా ఉంటే ముందు మనిషిని చూడండి. ముఖం వెలవెలబోయిందా, ఆయాసమా, చెమటలా, ఛాతీ పట్టేసినట్టుందా? అయితే ఫోను ఎక్కడుంది, ఇన్వర్టరు ఎక్కడుంది అని వెతుక్కుంటూ కూర్చోవద్దు, ఆ ఫోనుతోనే 108కి కొట్టండి. మనిషి నిమ్మళంగా ఉండి అంకె ఒక్కటే పిచ్చిదైతే, అప్పుడు ఫోను రెండు బారలు జరిపి, ఛార్జరు పీకి, బిళ్లలు సవరించి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. మళ్లీ అదే అంకె వస్తే అది గోల కాదు, కబురు. డాక్టరుకు చెప్పండి. ఏ టైముకు ఏం మార్చారో కాగితం మీద రాసి పెట్టుకోండి, బాబాయి రాసినట్టు.

రెండోసారి హోల్టరు పెట్టించుకుని వచ్చిన రోజు బాబాయి గుమ్మంలోకి వస్తూనే బటన్ల ఫోను తీసి వీధి అరుగు గోడలో దీపాల గూట్లో పెట్టాడు. వాలుకుర్చీ లోపలికి లాగించి, గూటికీ కుర్చీకీ మధ్య చేతులు చాపి రెండు బారలు కొలిచి మరీ కూర్చున్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. లేవబోయి ఆగాడు. పిన్ని వెళ్లి ఎత్తింది.

"మీ నాన్న తీగల్లో ఉన్నాడ్రా. రేపు ఈ టైముకు విప్పేసి ఉంటారు, అప్పుడు చెయ్యి."